అలుగు నీళ్ళు, కంప్యూటర్ నీళ్ళు

మేడ్చల్
4 సెప్టెంబర్ 2010

చిరంజీవి చక్రపాణికి అక్క పద్మలత దీవెనలు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని ఆశ్చర్యపోకు. మా ఇంటికీ స్టూడియోకీ మధ్య ఉన్నది ఒక్క కర్టెన్. ఇవతల నేనేం మాట్లాడినా అవతల మీ బావ చెవిన పడుతుంది. అట్ట ముక్కల మధ్య ఒక ఫోటో పెట్టి పంపుతున్నాను. మడత పడకుండా చేరితే అదే పదివేలు.

మొన్న శ్రావణంలో వాన దంచికొట్టిన శుక్రవారం మీ బావ బౌరంపేటలో పెళ్ళి ఉందని పొద్దున్నే వెళ్ళాడు. సాయంత్రం ప్యాంటు మోకాళ్ళ దాకా తడుపుకుని వచ్చాడు. పెళ్ళి జరిగింది ఫంక్షన్ హాల్లో. ఫంక్షన్ హాల్లో మోకాలి లోతు నీళ్ళెక్కడివి? అడిగితే "వాన గదనే" అన్నాడు. సరే అనుకున్నాను.

వారం తిరక్కుండా ఈ ఫోటో స్టూడియో గోడకెక్కింది. శామీర్‌పేట చెరువు నిండి అలుగు మీంచి నీళ్ళు పారుతున్న ఫోటో. నీకు పంపింది దాని ఇంకో కాపీ. ఎక్కడ తీశావని అడిగాను.

"తీసుడేంది? గది కంప్యూటర్ల జేసిన నీళ్లు. ఆల్బంల ఎయ్యమా, గట్లనే."

ఆ ఆల్బముల సంగతి నాకు తెలియనిదా? సూరారం దాటి ఎరగని జంటల వెనక జలపాతాలు దూకించే పని సగం నా చేతుల మీదే జరుగుతుంది. మా పెళ్ళి ఆల్బములో కూడా మేమిద్దరం ఏ దేశానిదో తెలియని జలపాతం ముందు నిలబడ్డాం, ఒక్క చుక్క మీద పడకుండా. కానీ అవన్నీ ఎక్కడో దొరికిన నీళ్ళు. ఇది మన బాపు నీరటిగా నీళ్ళు కాచిన అలుగు. ఆ రాళ్ళు నేను గుర్తుపట్టలేనా? బాపు దాని మీంచి జారిపడి చనిపోయిన నాటి నుంచి నేను ఆ కట్ట ఎక్కలేదు. బతుకమ్మను సైతం ఇంటి వెనక నీళ్ళ హౌజులోనే వదులుతున్నాను. అయినా ఆ రాళ్ళు నాకు తెలుసు.

ఇంకో మాట. రోజూ సాయంత్రం మీ బావకొక ఫోన్ వస్తుంది. రోడ్డు మీదికి వెళ్ళి మాట్లాడతాడు. నిన్న చెత్త పారేసే నెపంతో నేనూ వెళ్ళాను. "మంచిగనే ఉన్నది, నువ్వు పరేషాన్ గాకు" అంటున్నాడు. ఎవరా మంచిగున్నది?

నువ్వు సినిమాలకు నీళ్ళు చేసేవాడివి. చూసి చెప్పు, ఇవి కెమెరా నీళ్ళా, కంప్యూటర్ నీళ్ళా? కంప్యూటర్‌వైతే నేనే నోరు మూసుకుంటాను. నిజం నీళ్ళైతే మీ బావ ఆ రోజు బౌరంపేటలో లేడు. ఇంట్లో అబద్ధం చెప్పి పోవాల్సిన మనిషి ఎవరో శామీర్‌పేటలో ఉందన్నమాట. అదే జరిగితే సంచీ సర్దుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను, ఉత్తమాటనుకోకు.

జవాబు మా ఇంటికి రాయకు. పక్కింటి అన్వరీ బేగం పేర రాయి. ఆమెతో చెప్పి ఉంచాను.

మీ అక్క
పద్మలత

*

చెన్నై, వడపళని
10 సెప్టెంబర్ 2010

అక్కకు నమస్కారాలు.

ఫోటో మడత పడకుండానే చేరింది. నువ్వేమీ దిగులు పెట్టుకోకు. ఇవి కంప్యూటర్ నీళ్ళే. చూసిన నిమిషంలోనే తెలిసిపోయింది.

ఎలాగంటావా? నీటిని మేం చుక్కలుగా పుట్టిస్తాం. ఆ లక్షల చుక్కలు ఒకదాన్నొకటి ఎటు తోసుకుంటాయో కంప్యూటర్ లెక్క కడుతుంది. తర్వాత వాటి మీద పలుచని పొర కప్పి నీళ్ళలా కనిపించేట్టు చేస్తాం. నురగ వేరు, తుంపర వేరు, అన్నీ విడివిడిగా చేసి కలుపుతాం. ఎంత చేసినా ఎక్కడో దొరికిపోతాం. పెద్ద వరద చేశామని మురిసిపోతాం, తీరా చూస్తే కుళాయి కింద గిన్నె కడిగినట్టుంటుంది. చుక్క కొంచెం పెద్దదైతే చాలు, చెరువు చిన్నదైపోతుంది.

నేను ఆరు నెలలుగా ఒక పౌరాణికం సినిమాకి వరద చేస్తున్నాను కదా. మా సూపర్‌వైజర్ ప్రతిసారీ ఒకటే మాట: "నీ నీటికి బరువు లేదయ్యా." ఫోటోలు తెచ్చి పక్కన పెట్టి చూపిస్తాడు. ఆ ఫోటోలు మాత్రం నిజమా? షట్టర్ నెమ్మదిగా పడితే నీళ్ళు దూదిలా వస్తాయి, గబుక్కున పడితే గాజు పెంకుల్లా వస్తాయి. మన కంటికి కనబడేది ఆ రెండూ కాదు. అయినా లోకం ఫోటోలా ఉంటేనే నిజమంటుంది. పోనీలే, ఆ వరద ఈ మధ్యే ఒప్పుకున్నారు. ఉద్యోగం నిలిచింది.

నువ్వు పంపిన దాంట్లో నీళ్ళు అలుగు అంచు మీద నున్నగా వంగాయి. అంత వానలో వరద నీళ్ళు అలా వంగుతాయా? రంగు కూడా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కటే. అన్నిటికన్నా నీడ చూడాలి. మా నీళ్ళలో మేం ఎదురుగా ఏది పెడితే దాని నీడే పడుతుంది. పెట్టనిది పడదు. నిజం నీళ్ళకు ఆ మొహమాటం లేదు, ఫోటోలో లేకపోయినా అవతలి ఒడ్డున ఏముంటే అది చూపించేస్తాయి. ఇందులో అలాంటిదేమీ నాకు కనిపించలేదు.

కాబట్టి బావను అనుమానించకు. సంచీ మాట ఎత్తకు. నా గదిలో నలుగురం మగవాళ్ళం ఉంటున్నాం, కాలు చాపుకోవడానికి కూడా చోటు లేదు. అన్నట్టు, నీ ఆరోగ్యం ఎలా ఉంది? తల తిరగడం లాంటివి ఏమైనా ఉన్నాయా? తప్పకుండా రాయి.

నీ తమ్ముడు
చక్రపాణి

*

మేడ్చల్
18 సెప్టెంబర్ 2010

చిరంజీవి చక్రపాణికి దీవెనలు.

నీ ఉత్తరం అన్వరీ బేగం ఇంట్లో షీర్ ఖుర్మా తాగుతూ చదువుకున్నాను. సగం బరువు దిగినట్టనిపించింది. ఆ ఉత్తరాన్ని ఆమె బీరువాలోనే దాచి వచ్చాను. మీ బావ దాని మొహం కూడా చూడలేదు. ఇది గుర్తుపెట్టుకో.

మొన్న ఒక కొంపల్లి ఆయన గృహప్రవేశానికి కెమెరా మాట్లాడుకోవడానికి వచ్చాడు. గోడ మీది ఫోటో చూసి, భలే తీశారు, ఎప్పుడు వెళ్ళారు అన్నాడు. నేను కర్టెన్ ఇవతల కూర్చుని ఆల్బము అంటిస్తున్నాను. మీ బావ గొంతు పెంచి, నాకు వినబడేట్టు చెప్పాడు:

"తీసింది గాదు సార్, కంప్యూటర్ది. సక్కగ జూడుండ్రి, నీటికి బరువు లేదు."

కాగితం మీద పడాల్సిన గమ్ము నా చేతి మీద పడింది. ఆ మాట మీ సూపర్‌వైజర్ మాట. నాకు రాసిందీ నువ్వే. నేను మీ బావతో అనలేదు. మరి ఆయన నోట్లోకి ఎలా వచ్చింది?

ఇంకోటి విను. నిన్న అన్వరీ బేగం పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి ఆ గోడ వైపే చూస్తూ నిలబడింది. ఆ శుక్రవారం శామీర్‌పేటలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్తూ ఆటోలోంచి కట్ట మీద మీ బావను చూసిందట. ఇన్నాళ్ళూ నా ఇల్లు పాడవుతుందని చెప్పలేదట.

"నగేష్ భాయ్ ఒక్కడు లేడు పద్మా. పక్కన ఎవరో ఉండిరి. తల మీద దుపట్టా కప్పుకున్నట్టుండె. మస్తు వాన, మొఖం కనవళ్లె."

చూశావా? నువ్వేమో నీళ్ళు నిజం కాదంటావు. ఆమె కళ్ళారా చూశానంటుంది. మీ బావ నీ మాటలు వల్లిస్తాడు. ముగ్గురిలో ఎవరో ఒకరు నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు.

నా ఆరోగ్యానికేం, గుండ్రాయిలా ఉన్నాను. ఎప్పుడూ లేనిది తల తిరుగుతుందా అని అడిగావేంటి?

పద్మలత

*

చెన్నై
24 సెప్టెంబర్ 2010

అక్కా,

నీ ఉత్తరం చూసి నాకు కోపం వచ్చింది, దాచుకోను. నేను చదువుకున్న పని, చేస్తున్న పని ఇదే. కంప్యూటర్ నీళ్ళని చెప్పాక కూడా నీకు అన్వరీ బేగం మాటే పెద్దదైందా? ఆమెకు కంట్లో శుక్లాలున్నాయని నువ్వే ఒకసారి చెప్పావు. కదిలే ఆటోలోంచి, ఆ వానలో, ఎవరిని చూసిందో ఏమో!

నీటి బరువు సంగతి ఈ పనిలో అందరూ అనే మాటే. పోయిన దసరాకు వచ్చినప్పుడు బావ దగ్గర అన్నానేమో.

ఫోటో నా దగ్గరే ఉంది, ఇంక దాని సంగతి వదిలెయ్. గోడ మీదిది కూడా తీసెయ్యమని బావతో చెప్పు. బావ అలాంటి మనిషి కాడు. ఇంతకు మించి నేను రాయలేను.

జాగ్రత్తగా ఉండు. మెట్లు దిగేటప్పుడు చూసుకుని దిగు.

చక్రపాణి

*

మేడ్చల్
3 అక్టోబర్ 2010

చక్రపాణికి,

ఈసారి దీవెనలు రాయడం లేదు. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

గోడ మీది ఫోటో తీసెయ్యమన్నావు కదా. నేనే తీశాను. మీ బావ నిమజ్జనం ఫోటోల డబ్బులకని ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కిందికి దించి, నెగెటివులు చూసే పాత భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ముందు కంటబడింది దాని కొలత. మా మిషన్లో ఆ కొలత కాగితమే లేదు. పైన నాలుగు వేళ్ళ మేర కట్టర్‌తో కోసేసి ఉంది. నీకు పంపింది కూడా అంతే ఉంటుంది, చూసుకో. కంప్యూటర్‌లో చేసుకున్న బొమ్మను ఎవడైనా మళ్ళీ కట్టర్‌తో కోస్తాడా?

తర్వాత నువ్వు చెప్పిన పరీక్షలన్నీ పెట్టాను. నీళ్ళు నున్నగా వంగాయన్నావు. అలుగు రాయి మీద నాచు పట్టి ఉంటుంది, నీళ్ళు నున్నగానే వంగుతాయి. చిన్నప్పుడు అందులో వేలు పెట్టి రెండుగా చీల్చేవాళ్ళం, మరిచిపోయావా? ఆ తర్వాత నీడ. అలుగుకి ఇవతల, పడిపోకముందు నీళ్ళు కాస్త నిదానంగా ఉన్నచోట భూతద్దం ఆనించాను.

మనిషి ఉంది. తలకిందులుగా. తల మీంచి ముసుగు.

ఎలా చెప్పను? ఫోటోలోంచి మనిషిని కోసేశాడు కానీ నీళ్ళలోంచి కోయడం మరిచాడు. ఆల్బములు చేసి చేసి నాకు తెలుసు, పైన పనికిరానివాళ్ళను తీసేసే తొందరలో కింద నీడ అలాగే మిగిలిపోతుంది. కస్టమర్లు తిట్టిపోశాక మళ్ళీ సరిచేస్తాం. ఏడ్చాను. ఏడుస్తూనే సంచీ సర్దాను. రెండు చీరలు, బాపు సర్వీసు కాగితాలు, నా పొదుపు పుస్తకం. ఫోటో కూడా నీకు చూపించాలని సంచీలో పెడుతుంటే చేతిలో తిరగబడింది.

అప్పుడు ఆ మనిషి నిటారుగా నిలబడింది.

ముసుగు దుపట్టా కాదు, వాన కోసం తలమీద కప్పుకున్న తువ్వాలు. కింద ప్యాంటు. చెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంది. ఆ చేతిలో చెప్పుల జత.

చక్రపాణీ, కట్ట మీద కాలు పెట్టేముందు చెప్పులు విప్పి, కింద వదలకుండా వెనక చేతిలో పట్టుకునేది ఈ లోకంలో ముగ్గురే. నీళ్ళు కాచే మనిషి నీళ్ళ ముందు చెప్పులేసుకోడని బాపు మన ఇద్దరికీ నేర్పాడు. ఊళ్ళో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. మిగతా నీరట్లు కూడా బాపును చూసి నవ్వేవాళ్ళు. ఆ ముగ్గురిలో ఒకరు లేరు. ఒకరు ఇక్కడ కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నారు.

ఎప్పుడొచ్చావు? మేడ్చల్ అక్కడికి ఎంత దూరమని, ఇంటికెందుకు రాలేదు? నా మొగుడి మీద నిందపడుతుంటే, నేను ఇల్లు వదిలేస్తానంటుంటే, నున్నగా వంగాయనీ బరువు లేదనీ కథలు రాస్తూ ఎలా కూర్చున్నావు? చెరువు ఒడ్డుకు పోనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు ఏమైంది?

సంచీ విప్పలేదు. నీ జవాబు చూశాకే విప్పాలో మొయ్యాలో తేల్చుకుంటాను.

పద్మలత

*

చెన్నై
8 అక్టోబర్ 2010

అక్కా,

అది నేనే. బావ తప్పు ఇందులో ఒక్కటే, నా మాట కాదనలేకపోవడం.

ఆగస్టులో సూపర్‌వైజర్ నన్ను పిలిచి, నెలాఖరు లోపల నీటికి బరువు రాకపోతే నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు అన్నాడు. "నువ్వు పారే నీళ్ళను దగ్గరగా ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు. లేదన్నాను. నమ్మలేదు. నీళ్ళు చేసి బతికేవాడు నీళ్ళు చూడలేదంటే ఎవరు నమ్ముతారు? బాపును మోసుకొచ్చిన రోజు నువ్వు నా చెయ్యి నీ నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకున్నావు. అప్పుడు నాకు ఏడేళ్ళు. చెరువు ఒడ్డుకు పోనన్నాను, పోలేదు. ఇక్కడ సముద్రం బస్సులో వెళ్ళేంత దూరంలో ఉంది. దానికి కూడా పోలేదు.

వార్తల్లో శామీర్‌పేట అలుగు పారుతోందని చూసి బావకు ఫోన్ చేశాను. రైలు దిగి తిన్నగా అక్కడికే వెళ్ళాను, ఆ రాత్రికే తిరిగెక్కాను. తిరుగు బస్సు మేడ్చల్‌లో ఆగినప్పుడు సీట్లో కిందికి వంగి కూర్చున్నాను, నువ్వు కూరగాయలకు వచ్చి ఉంటావేమోనని. బావ వద్దంటున్నా వినకుండా అలుగు ఆ చివరిదాకా పోయాను. ఆయన నన్ను పట్టుకోవడానికి నీళ్ళలోకి దిగాడు. ప్యాంటు తడిసింది అందుకే.

అక్కా, నేను ఇన్నాళ్ళూ చేసింది పైపై నీళ్ళు. అక్కడ కాళ్ళ కింద రాయి అదరడం తెలిసింది. బాపును లాగింది ఇదేనని అప్పుడు అర్థమైంది. గట్టిగా ఏడ్చాను. వానలో బావకు తెలియలేదనుకుంటాను. తిరిగొచ్చి వరద మళ్ళీ మొదటినుంచి చేశాను. ఒప్పుకున్నారు.

నీకెందుకు చెప్పలేదంటే, భయం. నీ తల మీద వేసిన ఒట్టు తప్పాను. దాని ఫలితం నీ మీదే పడుతుందని భయం. నేను చేసే పని చూసి నవ్వుకుంటావేమో, కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇవేం నమ్మకాలని. నమ్మకం కాదు, అమ్మా బాపూ పోయాక నాకు మిగిలింది నువ్వే కదా. అందుకే రోజూ సాయంత్రం బావకు ఫోన్ చేసి అక్కకేం కాలేదు కదా అని అడుగుతున్నాను. నీకు వినబడిన ఆ "మంచిగనే ఉన్నది" నీ గురించే.

నువ్వు అనుమానిస్తున్నావని తెలిసి బావ నిజం చెప్పేద్దామన్నాడు. నేనే వద్దని బతిమాలాను. నీటి బరువు మాట కూడా నేనే ఆయనకు నేర్పాను, అడిగితే అనమని. ఇప్పుడు నన్ను ఏమన్నా పడతాను. ఆ సంచీ మాత్రం విప్పెయ్ అక్కా.

నీ తమ్ముడు
చక్రపాణి

*

మేడ్చల్
20 అక్టోబర్ 2010

చిరంజీవి చక్రపాణికి అక్క దీవెనలు.

నీ జవాబు నా చేతికి రాకముందే సంచీ విప్పేశాను. ఎందుకు చెప్పనా? మీ బావ దాన్ని చూసి తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. నేను ఫోటో తలకిందులు చేసి ముందు పెట్టాను. నీడను చూసి తల పట్టుకున్నాడు.

"ఇన్ని ఆల్బములు జేసిన, గా నీడ నాకు కనవడకపాయె" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "వాడు ఏడ్చిండే పద్మా. నాకు కనవడ్డది. నేను అటు దిక్కు జూసిన" అన్నాడు.

ఆ ఒక్కమాటతో నా కోపం సగం కరిగింది. మిగతా సగం నీ కోసం దాచి ఉంచాను, వచ్చినప్పుడు ఇస్తాను. మరీ ఇంత పిరికివాడివేంట్రా? నువ్వు ఒట్టు తప్పితే నా తల పగులుతుందా? నేను ఆ ఒట్టు వేయించింది నీకేదో అవుతుందన్న భయంతో. నువ్వు దాన్ని నాకేదో అవుతుందన్న భయంగా మార్చుకుని ఇన్నేళ్ళు మోశావు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నీళ్ళకు దూరంగా కూర్చున్నాం. నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. సముద్రం చూసి రా. ఒడ్డునే నిలబడు.

సద్దుల బతుకమ్మ రోజు హౌజు దగ్గరికి పోలేదు. పళ్ళెం ఎత్తుకుని మీ బావతో శామీర్‌పేట వెళ్ళాను. చెప్పులు విప్పి వెనక చేతిలో పట్టుకుందామంటే రెండు చేతులూ పళ్ళానికే సరిపోయాయి. మీ బావ తన చెప్పులూ నా చెప్పులూ తనే పట్టుకుని నడిచాడు, ఆడవాళ్ళంతా చూసి నవ్వుతున్నా. అలుగు ఇప్పుడు పారడం లేదు, రాయి తడిగా ఉందంతే. కట్ట దిగి నీళ్ళలో బతుకమ్మను వదిలాను. చాలాసేపు మునగలేదు. చూస్తూ నిలబడ్డాను.

ఇంకొకటి నీకు చెప్పాలి. కోయని ఫోటో మీ బావ దగ్గర ఉంది, తీసి చూపించాడు. అందులో నువ్వు పైన ఒడ్డు మీద కాస్త పక్కకు తిరిగి నిలబడి ఉన్నావు. మొహం చక్కగా కనిపిస్తోంది, చిక్కిపోయావు. దాన్నే పెద్దది చేసి గోడకు పెడతానన్నాడు. నేను వద్దన్నాను. కోసినదే కావాలన్నాను.

నీకు కోపంలో రాసిన ఉత్తరంలో ఒకటి దాచాను. ఆ రోజు ఫోటో తిరగబడ్డప్పుడు నాకు ముందు కనిపించింది నువ్వు కాదు. తల మీద తువ్వాలు, వంగిన భుజాలు, వెనక చేతిలో చెప్పులు. ఆ నీళ్ళలో బాపు నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణమే. ఆ తర్వాత ప్యాంటు చూసి నువ్వని తెలుసుకున్నాను. బాపుది చెరువు దగ్గర ఒక్క ఫోటో లేదు మనకు. మీ బావను పెళ్ళి చేసుకునేనాటికే ఆయన లేడు, ఎవరు తీస్తారు?

కోసిన ఫోటోకు ఫ్రేము కట్టించి ముందు గదిలో తలకిందులుగా వేలాడదీశాను. నీళ్ళు పైకి పారుతున్నాయి, మనిషి నిటారుగా ఉన్నాడు. వచ్చినవాళ్ళంతా తిరగేసి పెట్టావమ్మా అంటున్నారు. అన్వరీ బేగం రెండుసార్లు స్టూలెక్కి సరిచేయబోయింది.

"ఉండనీయి ఆపా, అది అట్లనే ఉంటది" అన్నాను.

నీ అక్క
పద్మలత